వేగమునకు చెల్లించు వెల

మీ ఇంటి రేడియో ముల్లును త్రిప్పి 100 అను అంకె వద్ద నిలిపినచో మీరు ఎఫ్.ఎం. కేంద్రముల నడుమ ఉందురు. 88 మొదలు 108 మెగాహెర్ట్జ్ వరకు గల ఆ పట్టీలోనే ఎన్నో కేంద్రముల పాటలు, మాటలు మీ ఇంటికి వచ్చుచున్నవి. అదే 100 మెగాహెర్ట్జ్ స్పందనము మీ పిల్లవాడు చదువుకొను బల్లమీది కంప్యూటరులో కూడ ఎడతెగక కొట్టుకొనుచున్నదని చెప్పినచో కొందరికి వింతగా తోచవచ్చును. కాని అది నిజము. నేటి బల్ల కంప్యూటర్లలో చాలవానికి మూలస్పందనము సెకనుకు 10 కోట్ల పర్యాయములు, అనగా 100 మెగాహెర్ట్జ్. కంప్యూటరునకు మెదడు వంటిదైన ప్రాసెసరు ఆ మూలస్పందనమును తనలో 40 రెట్లు, 45 రెట్లు హెచ్చించుకొని, సెకనుకు 400 కోట్లు, 450 కోట్ల దెబ్బల లెక్కన పని నడపుకొనును. వెనుకటి రేడియోలపై 'కిలోసైకిల్సు', 'మెగాసైకిల్సు' అని వ్రాసియుండుట పెద్దలకు జ్ఞాపకముండును. వానినే ఇప్పుడు హెర్ట్జ్ అను పేరుతో పిలుచుచున్నాము. 100 కోట్ల హెర్ట్జ్‌లు ఒక గిగాహెర్ట్జ్.

ప్రాసెసరును తయారు చేసినవారు దానికొక వేగమును నిర్ణయించి, ఆ వేగము వరకు తాము పూచీయని చెప్పి అమ్ముదురు. కొన్నవారు ఆ హద్దును దాటించి, మరికొంత వేగముగా దానిని నడిపించుటకు 'ఓవర్‌క్లాకింగు' అని పేరు. ఆటలాడు యువకులు, చలనచిత్రములు కూర్చువారు, పెద్ద పెద్ద లెక్కలు కట్టువారు దీనిపై మక్కువ చూపుదురు. వెల పెట్టకయే వేగము లభించుచున్నదని వారి ఉత్సాహము. ఆ ఉత్సాహమును మేము తప్పు పట్టము. కాని గత సంవత్సరము మా కార్యాలయమున జరిగిన ఒక సంగతి వలన, వెల లేని వేగము లేదనియు, ఆ వెలను ఎక్కడ, ఎప్పుడు చెల్లించుచున్నామో తెలిసికొనకుండుటయే ప్రమాదమనియు మాకు బోధపడినది. ఆ సంగతిని చెప్పుటకు ముందు ఈ వేగము ఎట్లు పెరుగునో, దానితో వేడి ఏల పెరుగునో కొంచెము విచారింతము.

సంగీతము వినువారికి ఈ విషయము సులువుగా అర్థము కాగలదు. ప్రాసెసరులోని స్పందనము తాళము వంటిది. ఒక దెబ్బకు, మరియొక దెబ్బకు నడుమ లోపలి కోట్లకొలది ట్రాన్సిస్టర్లు తమ లెక్కను ముగించి జవాబును సిద్ధముగా ఉంచవలెను. దెబ్బ పడగానే ఆ జవాబును పుచ్చుకొని తరువాతి మెట్టు ముందుకు సాగును. 4 గిగాహెర్ట్జ్ వేగమున రెండు దెబ్బల నడుమ వ్యవధి సెకనులో 400 కోట్లవ వంతు. ఆ వ్యవధిలో వెలుతురు సైతము 7.5 సెంటీమీటర్లే పోగలదు; మన అరచేతి వెడల్పు అంతే. విద్యాంసుడు మొదటి కాలమున, రెండవ కాలమున చక్కగా పలికించిన స్వరములనే మూడవ కాలమున పలికించుమన్నప్పుడు, శక్తి చాలనిచో తాళము తప్పడు గాని స్వరము జారిపోవును. ప్రాసెసరు విషయమున జరుగునదియు అదియే. తాళము ఆగదు. దెబ్బ పడు వేళకు జవాబు సిద్ధము కానిచో, ఉన్న అసంపూర్ణపు అంకెనే జవాబుగా స్వీకరించి యంత్రము ముందుకు పోవును.

అట్లయినచో నిర్ణీత వేగమునకు మించి నడపుటకు అవకాశమే ఏల ఉండవలెను? తయారీలోని ఒక విశేషము దీనికి కారణము. ఒకే సిలికాన్ పలకపై పుట్టిన తోబుట్టువులైనను ప్రాసెసర్లన్నియు ఒకే శక్తి కలవి కావు. తయారీదారులు వానిని పరీక్షించి, వేగమును బట్టి తరగతులుగా ఏరి, వేర్వేరు వెలలకు అమ్ముదురు. ఎంతటి వేడిలోనైనను, ఎంత కాలమైనను తప్పు రాకుండవలెనని ప్రతిదానికి కొంత మార్జిను విడిచిపెట్టుదురు. ఒక్కొక్కప్పుడు తక్కువ వెల సరకునకు గిరాకి హెచ్చి, మేలు తరగతివి కూడ తక్కువ వేగపు ముద్రతో బయటికి వచ్చును. ఓవర్‌క్లాకింగు చేయువారు వెదకునది ఈ మిగులునే.

ఈ చరిత్రలో పేరుపడిన ఉదాహరణము ఇంటెల్ వారి సెలరాన్ 300ఏ. 1998 ఆగస్టులో అది 149 డాలర్ల వెలకు వచ్చినది. మూలస్పందనము 66 మెగాహెర్ట్జ్. దానిని నాలుగున్నర రెట్లు చేసి 300 మెగాహెర్ట్జ్ వేగమున నడచునది. ఆ నాలుగున్నరను మార్చుటకు వీలు లేకుండ బిగించిరి. కాని మూలస్పందనమును 66 నుండి 100కు మార్చుటకు నాటి మదర్‌బోర్డులు అవకాశమిచ్చెడివి. అట్లు మార్చినంతనే అది 450 మెగాహెర్ట్జ్ వేగమున, అనగా ఒకటిన్నర రెట్ల వేగమున నడచినది. దానిలో చాలభాగము మామూలు వోల్టేజితోనే తట్టుకొని నిలిచినందున నాటి ప్రపంచమున అది పెద్ద ముచ్చట అయినది. ఎన్నో రెట్లు వెలగల ప్రాసెసరుతో సమానమైన పని దానివలన జరుగుచుండెను.

అటువంటి అదృష్టము నేడు లేదు. 2008 తరువాతి ప్రాసెసర్లు, అవకాశమున్నంతలో తమంతట తామే వేగమును పెంచుకొని, వేడి హెచ్చగానే తగ్గించుకొను ఏర్పాటుతో వచ్చుచున్నవి. దీనిని టర్బో అందురు. వెనుక కొన్నవాడు దక్కించుకొనిన మిగులును ఇప్పుడు తయారీదారే ముందుగా వాడివేయుచున్నాడు. 2011 నుండి ఇంటెల్ వారు, తమ సామాన్య ప్రాసెసర్లలో మూలస్పందనమును కదల్చిన ఇతర భాగములన్నియు కదలునట్లు ముడిపెట్టి, గుణకమును మార్చు స్వేచ్ఛను పేరు చివర 'కె' అను అక్షరము గలవానికే విడిచిపెట్టిరి. కనుక నేటి ఓవర్‌క్లాకింగులో లభించునది సగము వేగము కాదు. నూటికి ఐదో, పదియో, మంచి సరకైనచో ఇరువదియో. ఆ స్వల్పలాభమునకు చెల్లింపవలసిన వెల మాత్రము స్వల్పము కాదు.

ఆ వెల పేరు వోల్టేజి. ట్రాన్సిస్టరు తన పని చేయుట యనగా ఒక చిన్న కుండను నింపుట, ఒలికించుట అని భావింపుడు. నీటి తొట్టి ఎంత ఎత్తున ఉన్నచో కొళాయి ధార అంత ఉరవడిగా వచ్చి కుండ త్వరగా నిండును. వోల్టేజి యనునది ఆ తొట్టి ఎత్తు. వేగము పెంచినప్పుడు జవాబులు వేళకు అందకపోయినచో వోల్టేజి కొంచెము పెంచుట ఇందుకే. కాని తొట్టి ఎత్తును పెంచినచో నీటికి బలము పెరుగుటయే గాక, ఈ విద్యుత్తు కుండలో పట్టు నీరు కూడ అదే పాళ్ళలో పెరుగును. ఆ రెండును గుణించిన ఫలమే వ్యయమగు శక్తి. అందుచే వోల్టేజి రెట్టింపైనచో శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. ఆ శక్తి అంతయు తుదకు వేడిగా మారును. ప్రాసెసరు వేడి, వేగమును బట్టి సూటిగాను, వోల్టేజిని బట్టి వర్గముగాను పెరుగునని ఈ సూత్రము.

చిన్న లెక్క కట్టి చూతము. 4 గిగాహెర్ట్జ్ వేగమున, 1.20 వోల్టుల వద్ద, 100 వాట్ల శక్తి తీసికొను ప్రాసెసరు ఒకటి ఉన్నదనుకొనుడు. దానిని 4.8 గిగాహెర్ట్జ్‌కు పెంచుటకు 1.32 వోల్టులు ఇయ్యవలసి వచ్చినది. వేగము నూటికి 20 పెరిగినది. వోల్టేజి నూటికి 10 మాత్రమే పెరిగినది. కాని వేడి 100 వాట్ల నుండి 145 వాట్లకు చేరినది. గంట పట్టు పని 50 నిమిషములలో ముగియును గదా, విద్యుత్తు ఆదా యగునేమో యని ఎవరైన అడుగవచ్చును. కాదు. 145 వాట్లను 50 నిమిషములు వాడుటకు, 100 వాట్లను 60 నిమిషములు వాడుటకు తేడా చూచినచో, అదే పనికి నూటికి 21 హెచ్చు విద్యుత్తు ఖర్చయినది. పది నిమిషముల వెల అది. ఇది గాక, వేడి పెరిగిన కొలది ట్రాన్సిస్టర్లనుండి ఊరకనే కారిపోవు విద్యుత్తు కూడ పెరుగును కనుక నిజమైన లెక్క ఇంతకంటె కొంత హెచ్చుగనే ఉండును.

వెనుక ఈ వెల ఇంతగా పీడింపలేదు. ట్రాన్సిస్టరు చిన్నదైన కొలది దాని వోల్టేజిని కూడ తగ్గింపవచ్చుననియు, అప్పుడు వేడి హద్దులో ఉండుననియు ఐ.బి.ఎం. సంస్థలో పని చేసిన రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో చూపించిరి. సుమారు ముప్పది సంవత్సరములు ఆ బాట నడచినది. ఆ పిమ్మట వోల్టేజి మరి దిగిరాలేదు. 2004లో ఇంటెల్ వారు 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ప్రాసెసరును తెత్తుమని చెప్పియు మానుకొనుటకు వేడి ముఖ్యమైన కారణములలో ఒకటి. వేగమును పెంచుటకు మారుగా, ఒకే పలకపై రెండు, నాలుగు, ఎనిమిది మెదళ్ళను పక్కపక్కన పెట్టు పద్ధతి అప్పటినుండి బలపడినది.

145 వాట్లనగా ఎంత? మన ఇస్త్రీపెట్టె 1000 వాట్లది కదా, ఇది దానిలో ఏడవ వంతు మాత్రమే యని తేలికగా తీసికొనరాదు. ఇస్త్రీపెట్టె వేడి వెడల్పైన అడుగు భాగమంతట పరచుకొని ఉండును. చదరపు సెంటీమీటరుకు ఆరేడు వాట్లకు మించదు. ప్రాసెసరు పలక రెండు చదరపు సెంటీమీటర్లు మాత్రమే యైనచో చదరపు సెంటీమీటరుకు 70 వాట్లు దాటినవి. ఇస్త్రీపెట్టెకు పదింతలు. ఆ వేడిని క్షణక్షణము తోడివేయనిచో పలక కొన్ని సెకనులలోనే తన హద్దును చేరును.

వేడిని తోడు ఏర్పాటు పలకనుండి గది గాలి వరకు సాగు ఒక బాట. పలకపై లోహపు మూత, దానిపై పలుచని థర్మల్ పేస్టు, ఆపైన రాగి దిమ్మ, దానినుండి గొట్టములు, గొట్టములకు గ్రుచ్చిన అల్యూమినియపు రేకులు, రేకుల నడుమ గాలిని తోలు ఫ్యాను. రాగి, గాలికంటె సుమారు 15,000 రెట్లు చక్కగా వేడిని మోయును. కనుక రెండు లోహముల నడుమ వెండ్రుకవాసి గాలి చిక్కినను బాట మూసుకొనినట్లే. పేస్టు పని ఆ సందులను పూడ్చుటయే గాని తానుగా చల్లబరచుట కాదు. పలుచగా, సమముగా పరచుకొనవలెను; దట్టముగా పూసినచో అదియే అడ్డగును. రాగి గొట్టములలోని కిటుకు మన మట్టికూజాలోని కిటుకునకు చుట్టము. కూజాపై చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని నీటి వేడిని కొనిపోవును. గాలి తీసివేసిన ఆ గొట్టములో కొలదిపాటి నీరు వేడి చివర ఆవిరియై, చల్లని చివరకు పోయి, అక్కడ వేడిని విడిచి మరల నీరై వెనుకకు వచ్చును. కొందరు నీటిని పంపుతో త్రిప్పు ఏర్పాటును కూడ వాడుదురు. పోటీలకై వేగపు రికార్డులు నెలకొల్పువారు ద్రవహీలియము వంటివానితో సున్నకు 200 డిగ్రీలు దిగువకు చల్లార్చి, 2011లో 8.4 గిగాహెర్ట్జ్‌ను, 2022లో 9 గిగాహెర్ట్జ్‌ను దాటించిరి. అది కొన్ని క్షణముల విన్యాసము. మన సంసారపు యంత్రములకు పనికివచ్చునది కాదు.

ఇక్కడ మన దేశమునకు సంబంధించిన ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఫ్యాను గాని, నీటి ఏర్పాటు గాని ప్రాసెసరును గది గాలికంటె చల్లగా చేయలేదు. గది వేడికి పైన ఎన్ని డిగ్రీలు నిలుచునన్నదే దాని నేర్పు. 25 డిగ్రీల గదిలో 75 డిగ్రీలు చూపు ప్రాసెసరు, 42 డిగ్రీల గదిలో 92 డిగ్రీలు చూపును. ఈ విద్యను బోధించు పుస్తకములు, చిత్రములు చాలవరకు చలిదేశముల గదులను మనసులో పెట్టుకొని చేసినవి. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల 45 డిగ్రీలు దాటు దినములు వారి లెక్కలో లేవు. మన దుమ్ము కూడ లేదు. సంక్రాంతినాడు నిలకడగా నడచిన యంత్రము రోహిణికార్తెలో నిలకడగా నడచునని నమ్ముటకు ఆధారము లేదు.

మా సంగతి సరిగా ఇట్లే జరిగినది. మా కార్యాలయమున పాత టేపులను కంప్యూటరులోనికి ఎక్కించి, చెవికి ఇంపుగాని గరగర శబ్దమును తొలగించు పని కొంతకాలముగా సాగుచున్నది. టేపు పెక్కు దశాబ్దముల నాటిదైనచో పైపూత రాలుచుండును; రెండుమూడు పర్యాయములకు మించి ఆడింపరాదు. శబ్దమును శుద్ధి చేయు లెక్క గంటలకొలది పట్టును. ఉత్సాహవంతుడైన మా యువ ఇంజనీరు జనవరి మాసమున ఆ కంప్యూటరు వేగమును, ఇందాక మేము చెప్పిన లెక్క ప్రకారమే, 4 నుండి 4.8 గిగాహెర్ట్జ్‌కు పెంచెను. ఒక రాత్రి యంతయు పరీక్షించెను. తప్పు రాలేదు. పని త్వరగా సాగుచున్నదని మేమందరము సంతోషించితిమి. అతనిని మెచ్చుకొన్నవారిలో మేమును ఉన్నాము.

మే మాసమున ఆ గదిలోని ఏ.సి. యంత్రము చెడినది. బాగుచేయువారు వచ్చుటకు వారములు పట్టినది. కంప్యూటరు మాత్రము ఆగలేదు, తెర నల్లబడలేదు, ఏ హెచ్చరికయు చూపలేదు. ఒకనాడు, పరమపదించిన ఒక హరికథా విద్యాంసుని పాత కథాగానమును వినుచుండగా, పద్యపు చివరి పాదమున 'టక్'మను చిన్న శబ్దము వినబడినది. పాత టేపు గదా యనుకొంటిమి. మరునాడు మరియొక దానిలో రెండుచోట్ల వినబడినది. అప్పుడు ఆ యువకునికి సందేహము కలిగి, శుద్ధి చేయని ఒకే ప్రతిని రెండు పర్యాయములు అదే కంప్యూటరుచే శుద్ధి చేయించి, రెండు ఫలితములను అక్షరము అక్షరము పోల్చి చూచెను. అవి ఒకటిగా లేవు.

"సార్, ఒకే లెక్కకు రెండు జవాబులు వచ్చాయి. తప్పు టేపుది కాదు. మన మిషనుదే" అని అతడు చెప్పినప్పుడు అతని ముఖము చిన్నబోయినది.

"ఎప్పటినుండి తప్పు వేస్తోంది, నాయనా?" అని అడిగితిమి.

"అదే తెలియడం లేదండీ" అనెను.

ఆ మాటలోనే అసలు బాధ ఉన్నది. యంత్రము ఆగిపోయినచో ఎప్పుడు ఆగినదో తెలియును. కాలిపోయినచో వాసనయైనను వచ్చును. తప్పు లెక్క వేయుచు నడచిపోవు యంత్రము ఎప్పటినుండి తప్పుచున్నదో ఎవరికి తెలియును? ఏప్రిల్ మొదలు జరిగిన పనినంతటిని మేము మరల చేసితిమి. శుద్ధి చేయని ప్రతులు వేరొక డిస్కులో ఉండుటచే చాలవరకు దక్కినవి. కాని ఆ హరికథకు చెందిన శుద్ధిచేయని ప్రతిని, చోటు చాలదని, అప్పటికే తుడిచివేసియుంటిమి. టేపు మరల ఆడించు స్థితిలో లేదు. ఆ పద్యము చివరి 'టక్' శబ్దము నేటికిని అట్లే ఉన్నది.

ఇది ఏల జరిగినది? ప్రాసెసరునకు వేడి విషయమున ఒక కావలి ఉన్నది. సుమారు 100 డిగ్రీలు చేరగానే అది తన వేగమును తానే తగ్గించుకొనును. కాని ఆ కావలి కాచునది ప్రాసెసరు ప్రాణమునే గాని మన లెక్కను కాదు. వేడి పెరిగిన కొలది పలకలోని తీగలు, ట్రాన్సిస్టర్లు కొంత మందగించును. నిర్ణీత వేగమున నడచునప్పుడు తయారీదారు విడిచిన మార్జిను ఆ మందగమనమును కప్పివేయును. మా వాడు జనవరిలోనే ఆ మార్జినును ఖర్చు చేసియుండెను. పరీక్షించిన రాత్రి గది చల్లగా ఉండెను. మేలో గది వేడెక్కి, ప్రాసెసరు 100కు చేరక 92, 93 డిగ్రీల వద్ద నిలిచినప్పుడు, కావలివాడు కదలలేదు; జవాబులు మాత్రము ఎక్కడనో కోటికొక్కటి ఆలస్యమైనవి. దీనికి తోడు, బరువైన లెక్క ఒక్కసారి మొదలైనప్పుడు ప్రాసెసరునకు చేరు వోల్టేజి క్షణకాలము కుంగును. పక్క ఇంట నీటి మోటారు వేయగానే మన దీపము కుంగినట్లే. అట్టి క్షణములే తప్పునకు తావు.

ఓవర్‌క్లాకింగు చేయని యంత్రములలో సైతము ఇట్టి మౌనదోషములు అరుదుగా కలుగునని 2021లో గూగుల్ సంస్థ ఇంజనీర్లు తమ వేలకొలది యంత్రముల అనుభవమును బట్టి ప్రకటించిరి. అరుదుగా ఉన్నదానిని మన చేతులతో తరచు చేసికొనుటయే మేము చేసిన పొరపాటు.

వెలలో మరియొక భాగము ఆయుర్దాయము. సన్నని తీగలో విద్యుత్తు ఉరవడిగా ప్రవహించినచో లోహపు పరమాణువులు మెల్లమెల్లగా కొట్టుకొనిపోవును. ఏటి ఉరవడికి గట్టు కోసికొనిపోయినట్లు. విద్యుత్తు దట్టమైన కొలది, వేడి హెచ్చిన కొలది తీగ ఆయువు ఎట్లు తరుగునో జేమ్స్ బ్లాక్ అను అమెరికా ఇంజనీరు 1969లోనే సూత్రీకరించెను. వోల్టేజి హెచ్చినచో ఏమగునో లోకమునకు ఇటీవలనే ఒక పాఠము లభించినది. ఇంటెల్ వారి 13వ, 14వ తరముల బల్ల ప్రాసెసర్లలో కొన్ని, కొన్నవారు ఏమియు మార్చకున్నను, క్రమముగా నిలకడ తప్పుచు వచ్చినవి. ప్రాసెసరు అవసరమునకు మించిన వోల్టేజిని అడుగుచుండుటయే కారణమని ఆ సంస్థ 2024లో ఒప్పుకొని, ఆగస్టు మాసమున 1.55 వోల్టులకు మించి అడుగకుండ సవరణ విడుదల చేసి, పూచీ కాలమును రెండు సంవత్సరములు పొడిగించినది. అప్పటికే దెబ్బతిన్న పలకలు ఆ సవరణచే బాగుపడలేదు. తయారు చేసినవారికే ఇట్టి అనుభవము కలిగినప్పుడు మనము మరింత జాగ్రత్తగా ఉండవలెను గదా.

అయినను వేగము పెంచి చూడవలెనను కోరిక గలవారికి, ముఖ్యముగా యువకులకు, మా అనుభవముపై నాలుగు మాటలు మనవి చేయుదుము. గుణకమును ఒక్కొక్క మెట్టుగనే పెంచవలెను. ప్రతి మెట్టు వద్ద పరీక్షింపవలెను. వోల్టేజిని చివరి ఉపాయముగా, వోల్టులో నూరవ వంతు చొప్పుననే కదల్పవలెను. తయారీదారు చెప్పిన హద్దును దాటరాదు. వేడి చూపు అంకెను గది వేడితో కలిపి వ్రాసికొనవలెను. శీతకాలపు అంకెకు మీ ఊరి వేసవి తేడాను కలిపిన మీదట నిలుచునో లేదో చూడవలెను. ఫ్యానును, రేకులను దుమ్ము లేకుండ తుడువవలెను. పరీక్ష యనగా యంత్రము ఆగకుండుట మాత్రమే కాదని గుర్తుంచుకొనవలెను. 1996 నుండి గొప్ప ప్రధానసంఖ్యలను అన్వేషించుచున్న గణితాభిమానుల ప్రైమ్95 అను ప్రోగ్రాము పరీక్షకు వాడుకలో ఉన్నది. ముందే జవాబు తెలిసిన లెక్కలను యంత్రముచే చేయించి, జవాబు సరిపోయినదా లేదా చూచుటయే దాని పద్ధతి. ఆ పరీక్షను చల్లని రాత్రి గాక మే మాసపు మిట్టమధ్యాహ్నము చేయవలెను. వేగము పెంచిన యంత్రమున ఆటలాడుకొనవచ్చును. ఒక బొమ్మ వంకరపోయినచో నష్టము లేదు. మరల దొరకని వస్తువును, ఇంటి ఫోటోలను, కొట్టు లెక్కలను, పెద్దల గొంతులను దానికి అప్పగింపరాదు.

చివరకు మేమేమి చేసితిమో చెప్పి ముగింతుము. ఆ యువ ఇంజనీరు కొన్నాళ్ళు కంప్యూటరు వంక చూడలేదు. అతనిని మందలింపవలెనని మాకు తోచలేదు. తప్పును కనిపెట్టినవాడు కూడ అతడే గదా. వేగమును మరల 4 గిగాహెర్ట్జ్‌కు దించిన పిమ్మట ఒకనాడు అతడే వచ్చి, వేగమును కదల్పక వోల్టేజిని తగ్గించి చూతుమా అని అడిగెను. తయారీదారు విడిచిన మార్జినులో కొంత ఆ విధముగా కూడ వాడుకొనవచ్చును. హద్దు మీరినచో ఇందులోను అవే మౌనదోషములు కలుగును కనుక, ఈ పర్యాయము ఏ.సి. ఆపి, గది తలుపులు మూసి, మధ్యాహ్నము పూట, మూడు దినములు పరీక్షించితిమి. ఒకే ప్రతిని ఇరువది పర్యాయములు శుద్ధి చేయించి ఇరువది ఫలితములను పోల్చితిమి. అన్నియు ఒకటిగనే ఉన్నవి. 1.20 వోల్టులు 1.14 అయినది. వేడి నూటికి 10 వరకు తగ్గినది. అంతకంటె మాకు నచ్చిన లాభము మరియొకటి కలిగినది. ఫ్యాను మెల్లగా తిరుగుట మొదలుపెట్టినది. ఆ గదిలో ఇప్పుడు టేపు శబ్దమే వినబడుచున్నది గాని యంత్రపు రొద వినబడుట లేదు.

శుద్ధి చేయు ప్రతి పనిని నేడు మేము రెండు పర్యాయములు చేయించి పోల్చుచున్నాము. శుద్ధి చేయని ప్రతిని తుడిచివేయుట మానితిమి. జనవరిలో సంపాదించిన పది నిమిషములు ఆ విధముగా పోయినవి. మరియొక గంట కూడ వానితో పోయినది. అయినను, మీరు వినుచున్నది ఆ విద్యాంసుడు పాడినదే యని నిస్సంకోచముగా చెప్పగలుగుచున్నాము. ఒక్క పద్యము విషయమున మాత్రము ఆ మాట చెప్పలేము.